షెడ్డులో పాత కారు

ఏటా సెప్టెంబరులో, భూగోళానికి దిగువనున్న ఆ దేశంలో చలికాలం ముగిసి ఎండ మొహం చూపగానే జోజయ్య క్లేటన్‌లోని తన ఇంటి షెడ్డు తెరిచి, చలికాలమంతా దుప్పటి కింద పడుకున్న పాత స్పోర్ట్స్ కారును లేపేవాడు. బ్యాటరీ బిగించి, ఆయిలు చూసి, చక్రాలను ప్రేమగా తట్టేవాడు. ఎనభై తొమ్మిదో సంవత్సరంలో తాళం తిప్పగానే, ఇంజను ఫ్యాను పక్కన ముడుచుకుని పడుకున్న పిల్లికూన ఒక్క అరుపు అరిచి శాశ్వతంగా ఊరుకుంది. మరుసటేడు అతను బానెట్ ఎత్తి వెతికాడు, పడుకుని కారు కింద చూశాడు, సీట్లో కూర్చున్నాడు. చెయ్యి మాత్రం తాళం దాకా పోలేదు.

"పాపేదీ, సుగుణా?"

"ఇదిగో, నా చంకలోనే ఉంది. ఇంజన్‌లో దూరడానికి దానికింకా పాకడమే రాదండీ!" అని నవ్వింది భార్య.

"తాళం నువ్వు తిప్పు. షారన్‌ని నాకియ్యి."

ఇంజను గర్జించింది. పాప ఉలిక్కిపడి కేరుమంది. బిడ్డ తన గుండెల మీదే ఉన్నా జోజయ్య, "ఆపెయ్ సుగుణా, ఆపెయ్!" అంటూ బానెట్ వైపు పరుగెత్తాడు.