నేను చెయ్యని వీడియో కాల్

దయ్యాలు గియ్యాలు నేను నమ్మ. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన పిల్లను. ఫ్యాను దానంతటదే తిరిగితే స్విచ్చు చూస్త గానీ దండం పెట్ట. హాస్టల్‌ల ఎవరన్న దయ్యాల ముచ్చట తీస్తే ఎక్కిరించేదాన్ని. అసుంటి నేను ఇది రాస్తున్నంటే నాకే సిగ్గయితుంది. సిగ్గుకు ఇంకో కారణం గూడ ఉంది. ముందు అది చెప్త.

జర్మనీల ఎంఎస్ చేసిన. చదువు మంచిగనే అయింది, ఉద్యోగమే రాలే. భాష సరిగ్గ రాదని ఒకరు, అనుభవం లేదని ఒకరు పక్కకు పెట్టిన్రు. వీసా గడువు దగ్గర పడ్డది. రూము ఖాళీ చేసి, చప్పుడు చెయ్యకుండ విమానం ఎక్కిన.

శంషాబాద్‌ల దిగి మియాపూర్‌ల ఉన్న మా ఇంటికి పోవాలె గద. పోలే. మాదాపూర్‌ల ఒక లేడీస్ హాస్టల్‌ల చేరిన. ఈడ ఉద్యోగం దొరికినంక, ఆ కాయితం చేతుల పట్టుకొని ఇంటికి పోదామనుకున్న.

మా నాన్న ఐటీ ఉద్యోగులను ఎక్కిచ్చుకొని క్యాబ్ నడుపుతడు. ఎక్కినోళ్లందరికీ "నా బిడ్డ జర్మనీల ఇంజినీరు" అని చెప్పుకుంటడు. ఆయన బండి తిరిగే రోడ్ల మీదనే నేను దాక్కున్న. ఏం తెలివో నాది!

బయటికి పోతే మొహానికి స్కార్ఫు. తెల్ల క్యాబ్ కనిపిస్తే గోడ దిక్కు తిరిగేది. ఎవరూ గుర్తుపట్టొద్దని నడుము దాక ఉన్న జుట్టును భుజాల కాడికి కత్తిరిపిచ్చుకున్న. కెమెరా ఖరాబైందని చెప్పి, జర్మనీ నంబరున్న వాట్సాప్‌ల ఇంటికి వట్టి ఫోనే చేసేదాన్ని. వెనుక ఆటో హారన్ మోగితే బాత్రూంలకు ఉరికేది. "ఆడ చలెట్లుంది బిడ్డా?" అని అమ్మ అడిగితే, ఫ్యాను కింద కూసొని "మస్తుందమ్మా" అన్న. థూ, నా బతుకు.

ఒక సోమవారం మధ్యాహ్నం ఇంకో ఇంటర్వ్యూ చెడగొట్టుకొని సైబర్ టవర్స్ కాడ నడుస్తున్న. ఏడుపుకు ఊపిరాడక స్కార్ఫు తీసేసిన. పక్కన క్యాబ్ ఆగింది. అద్దం దిగింది. లోపల నాన్న.

తిడతడనుకున్న. అందరి ముంగట కొడ్తడనుకున్న. ఆయనేమో నవ్విండు.

"అప్పుడే వచ్చినవా బిడ్డా? జర చెప్తే ఎయిర్‌పోర్టుకే వస్తుంటి గద! ఎక్కు, ఎక్కు."

ఎక్కిన. సామానేదని అడిగితే, దోస్తు హాస్టల్‌ల పెట్టిన్నని అప్పుడు గూడ అబద్ధమే చెప్పిన. ఆయన తన ధోరణిల తను మాట్లాడుకుంట పోతున్నడు. శనివారం పొద్దుగూకినంక నేను వీడియో కాల్ చేసిననట. "ఉద్యోగం రాలే నాన్నా, ఇగ నాతోని అయితలేదు, ఇంటికొస్త" అని ఏడ్చిననట. అమ్మ గూడ పక్కనే ఉన్నదట. ఇద్దరూ "రా బిడ్డా" అన్నరట.

శనివారం నేను ఎవ్వరికీ కాల్ చెయ్యలే. పొద్దుగూకినంక రూమ్మేట్‌తోని మిద్దె మీద చాయ్ తాగుకుంట కూసున్న. నా ఫోన్ తీసి చూసిన, ఆ కాల్ లేదు. నాన్న ఫోన్‌ల ఉంది. నా నంబరే.

నేను వీడియోల కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకునుడు నాన్నకు అలవాటు, క్యాబ్ ఎక్కినోళ్లకు చూపియ్యనీకి. సిగ్నల్ కాడ బండి ఆపి శనివారం నాటి ఫొటో చూపిచ్చిండు.

జర్మనీల నేనున్న ఇంటి వంటగది. కిటికీ బయట మంచు. ఒంటి మీద నా ఎర్ర స్వెట్టరు, మోచేతి కాడ చిరుగుతోని సహా. రూము ఖాళీ చేసిన్నాడు దాన్ని నేనే చెత్తడబ్బల ఏసిన. మొహం నాదే, ఏడ్చి ఉబ్బి ఉంది. పాత వీడియో అనుకుందామంటే, జుట్టు భుజాల కాడికే ఉంది. ఆ జుట్టుతోని నన్ను ఆ దేశం చూడలే, మా ఇల్లు చూడలే.

ఎవరో కంప్యూటర్‌ల తయారు చేసిన్రేమో అని గూడ ఆలోచన చేసిన. ఎవరికేం లాభం? పైగా ఆ మాటలు నేను దినాం లోపల్లోపల అనుకునేటియే. బయటికి ఒక్కసారి గూడ అనలే.

"ఈ జుట్టేంది బిడ్డా అని అడిగితే నువ్వేం చెప్పలే ఆ రోజు," అన్నడు నాన్న. పచ్చ లైటు పడ్డది. బండి కదిలిచ్చి, రోడ్డు దిక్కే చూసుకుంట అన్నడు: "ఉద్యోగం రాకుంటే ఫికర్ లేదు. నువ్వు మాతోని దాచిపెడ్తే పాణం పోతుండె. దాచకుండ చెప్పినవ్. గదే చాలు నాకు."

అది నేను కాదు నాన్నా అని అప్పుడే అనాలె. "అవును నాన్నా" అన్న.

ఇప్పుడు మణికొండల చిన్న ఉద్యోగం చేస్తున్న, ఇంట్లనే ఉంటున్న. పొద్దున ఆఫీసుకు నాన్న బండ్లనే పోత. ఆమె ఎవరో, ఆ కాల్ ఏడికెళ్లి వచ్చిందో ఇప్పటికీ నాకు తెల్వదు. ఎంత చదివినా అర్థమయ్యేటట్టు లేదు. నేను చెప్పాల్సిన మాట నా మొహం పెట్టుకొని చెప్పిపోయింది.

నాన్న ఫోన్ తెరిస్తే ముందుగాల ఆ ఫొటోనే కనిపిస్తది. క్యాబ్‌ల కొత్తగ ఎక్కినోళ్లకు చూపిచ్చి, "నా బిడ్డ ఎన్నడూ అబద్ధమాడదు సార్" అంటడు. పక్క సీట్ల కూసున్న నేను తల దించుకుంట.