అన్న విమానంలో ఉన్న రాత్రి

ఇన్నాళ్లూ నా మాట ఒక్కరూ చివరిదాకా వినలేదు. సగంలో ఫోన్ చూసుకుంటారు. లేదా నవ్వుతారు. మీరైనా వినండి. ఇందులో ఒక్క ముక్క కల్పించి ఉంటే నా మోటారు మళ్లీ నీళ్లు పోయకుండా పోనీ.

పోయిన ఎండాకాలం అన్న దుబాయ్ నుంచి సెలవు మీద వస్తున్నాడు. మా దగ్గర గల్ఫ్ నుంచి ఒక్కరొస్తే ఇల్లంతా బండి కట్టుకొని శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోతాం. ఆ బండి మాట్లాడింది నేను. తీరా ఎక్కేటప్పుడు, కంఠేశ్వర్‌లో ఉండే మా బావ తన దోస్తును తెచ్చి నా సీట్లో కూర్చోబెట్టాడు.

"నువ్వు పొలం సూస్కో బామ్మర్ది. తెల్లారేసరికి మీ అన్న నీ ముంగట ఉంటడు."

ఆ సీటు సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపోను.

రాత్రి అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, ఫ్లైట్ల కూసున్న. తలుపులు ఏస్తుండ్రు." అంతే, పెట్టేశాడు. గాలిలో దాదాపు నాలుగు గంటలు. అక్కణ్ణుంచి మా ఊరికి రోడ్డు మీద ఇంకో నాలుగైదు.

కాసేపటికి కరెంటు పోయి వచ్చింది. మోటారు మళ్లీ వేయాలి. టార్చి పట్టుకొని మోస్రా దారిలో ఉన్న మా చెరుకు తోటకు పోయాను. పైపు కారి స్టార్టర్ డబ్బా చుట్టూ బురద. చెప్పులు దిగబడుతుంటే విప్పేశాను. డబ్బా మీదికి చెయ్యి చాపాను.

అప్పుడు వినిపించింది.

గర... గర... గర...

చక్రాల పెట్టె లాగుతున్న చప్పుడు. గచ్చు మీద లాగినట్టు. అక్కడ గచ్చెక్కడిది... చెరుకు మళ్ల మధ్య సన్నటి మట్టి ఒడ్డు. చప్పుడు నా వెనకే ఆగింది. అత్తరు వాసన... ఏటా అన్న తెచ్చే అత్తరు.

"తమ్మీ... డబ్బ ముట్టకు."

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనక్కి తిరగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. టార్చి వేశాను. ఒడ్డు ఖాళీ. చెరుకు ఆకు కూడా కదలడం లేదు.

వెలుగు డబ్బా మీదికి తిప్పాను. మూత సందులో, లోపలి వైరు ఊడి డబ్బా ఇనుముకు ఆనుకొని ఉంది. సన్నగా... చిటచిట.

పొద్దున బండి వచ్చింది. అన్న ఎవరినీ పలకరించలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, కుడిచెయ్యి పట్టుకొని తిప్పి చూశాడు.

"ముట్టలే గదా?" అన్నాడు.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "ఫ్లైట్ల నిద్రవోయిన. నాకేం తెల్వదురా."

బావ అయితే నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు. "దుబాయ్ టైం మనకంటె గంటన్నర ఎనుక. గా గంటన్నర కలపకుంటె గిట్లనే దయ్యాలు కనవడ్తయి." గంటన్నర కలుపు, తీసెయ్... ఆ సమయానికి బావా, ఆ దోస్తూ శంషాబాద్‌లో అన్న కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు కదా.

ఇప్పటికీ మోటారు వేసేముందు ఒక్క నిమిషం నిలబడి దండం పెడతాను. ఎవరికో తెలియదు. నా బిడ్డ "బాపూ" అంటే పలకడానికి ఉన్నాను. అది చాలు.

కానీ అన్నా, అందరి ముందూ అడుగుతున్నా. ఆకాశంలో ఉన్నోడివి, నా చెయ్యి ఎందుకు చూసినవ్? గీసారైనా జవాబు చెప్పు.