మూత విప్పని గేరుబాక్సు

మీరు ఆఖరిసారి దేన్ని మూత విప్పి, లోపల చూసి, ఆ తర్వాత నమ్మారు? నేనడిగేది దేవుడి సంగతి కాదు. మీ బోరు మోటారు, మీ మిక్సీ, మీ పాత కారు. జవాబు తొందరపడి చెప్పకండి. ఊరూరా హేతువాద సభల్లో నిలబడి "రుజువు చూపించండి" అని ముప్ఫై ఏళ్లు వాదించినవాణ్ణి నేను. ఈ ప్రశ్న దగ్గర నేనే తలదించుకున్నాను.

2023 మే నెల. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన నా షెడ్డు. ఆటోమేటిక్ బండ్లు ముట్టే మెకానిక్కులు మా వైపు తక్కువ కాబట్టి కుప్పం నుంచి కూడా నా దగ్గరికే వస్తారు. ఆ రోజు టోయింగ్ బండి మీద ఒక పదిహేడేళ్ల పాత కారు వచ్చింది. దాని వెంట మునిలక్ష్మి టీచరు, ఆమె తల్లి వచ్చారు. గేరు వేస్తే ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. దించి చూస్తే గేరుబాక్సు బయటి కేసింగే పగిలి ఉంది. బాగుచేసే దశ దాటిపోయింది.

మునిలక్ష్మికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. క్లచ్ తొక్కలేదు. ఆటోమేటిక్ బండికి క్లచ్ పెడల్ ఉండదు, కుడి కాలొక్కటే చాలు. ఆమె కుప్పంలో కాపురముండి రామకుప్పం వైపు అడవి అంచు పల్లెలో పాఠాలు చెబుతుంది. ఆ బడికి ఆమె ఒక్కతే టీచరు. ఆమె రాకపోతే తాళం తీసేవాళ్లు లేరు.

"బస్సు రోడ్డు కాడే ఆగిపోతాదన్నా. ఆడనుంచి ఈ కాలితో రెండు మైళ్లు నడవలేను. బడి తెరిచే నాటికి బండి కావల్ల" అంది.

కంపెనీవాళ్లు ఆ మోడల్ సామాను ఆపేసి చాలా ఏళ్లయింది. మిగిలిన దారి రీబిల్ట్ గేరుబాక్సు ఒక్కటే. అంటే పాతదాన్ని పూర్తిగా విప్పి, అరిగిన క్లచ్ ప్లేట్లు, గట్టిపడిన రబ్బరు సీళ్లు మార్చి, కడిగి, మళ్లీ బిగించినది. అలా చేయాలి. చేశారా లేదా అన్నది బయటినుంచి తెలియదు.

పుంగనూరులో గోవిందప్ప పాత సామాను అమ్ముతాడు. మా సభల్లో నాతోపాటు వేదిక మీద కూర్చునేవాడు. బాబాల గుట్టు విప్పడంలో నాకంటే ఘటికుడు. ఆ మోడల్ గేరుబాక్సు ఒకటి బెంగళూరు నుంచి తెప్పించాడు. లోపలంతా విప్పి రీబిల్ట్ చేసిందేనన్నాడు. వెండి రంగులో కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. బోల్టుల మీద ఎర్ర పెయింటు చుక్కలున్నాయి. మా వ్యాపారంలో దాన్ని సీలు అంటారు. బోల్టు తిప్పితే పెయింటు పగులుతుంది, పగిలితే గ్యారంటీ పోతుంది. అందుకే ఎవరూ విప్పరు. విప్పకపోవడమే మర్యాద అనుకుంటారు.

షెడ్డులో నాతో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మస్తాన్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అడుగున నూనె నిలిచే పాన్ ఒక్కటి దించి చూద్దామా అన్నాడు. నేను వద్దన్నాను. సీలు పోతే రేపు గ్యారంటీ అడగడానికి నోరుండదన్నాను. గోవిందప్ప అబద్ధం చెప్పే మనిషి కాదని కూడా అన్నాను. మస్తాన్ తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

బిగించాం. కొత్త నూనె పోశాం. బైపాసు దాకా పది నిమిషాలు నడిపి చూశాను. గేర్లు వెన్నలా పడ్డాయి.

బండి అప్పగించేటప్పుడు మునిలక్ష్మి తల్లి సంచిలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి టైర్ల కింద పెట్టింది. నేను ఊరుకోలేదు. నిమ్మకాయకు, గేరుబాక్సుకు ఉన్న సంబంధమేమిటో చెప్పమని అడిగాను. చదువుకున్న టీచరు ఇంట్లో ఇదేమిటని ఆమె కూతురి ముందే పాఠం చెప్పాను. పెద్దావిడ అంతా విని, "నీకు యాలప్పా? నిమ్మకాయ నాది, కూతురు నాది. నీ గేరుబాక్సు నువ్వు సూసుకో" అంది. మస్తాన్ నవ్వు దాచుకోవడానికి కారు అవతలికి పోయాడు. బండి నాలుగు నిమ్మకాయల్నీ నలిపి కుప్పం దారి పట్టింది.

బడి తెరిచిన మూడో వారంలో ఫోను వచ్చింది. పల్లెకు ముందు ఒక ఎత్తు ఉంది. అక్కడ ఇంజను పెద్దగా అరిచి, బండి ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టిందట. వెనక పాల వ్యాను ఉంది. మునిలక్ష్మి బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. వ్యాను డ్రైవరు దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. అదంతా ఆమె నెమ్మదిగానే చెప్పింది. చివర్లో మాత్రం, "పిల్లోళ్లు బడి మెట్ల మీద కూసోని సూస్తా ఉండారంట అన్నా" అని ఫోను పెట్టేసింది.

బండి చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కితే జారడమేమిటో మెకానిక్కు విడమర్చి చెప్పనక్కరలేదు. ఆటోమేటిక్‌లో పెడల్ లేకున్నా లోపల క్లచ్ ప్లేట్లుంటాయి, వాటిని అదిమిపట్టేది నూనె ఒత్తిడి. చల్లని నూనె చిక్కగా ఉంటుంది, పాత రబ్బరు సీళ్లలోంచి కూడా అంతగా కారదు. వేడెక్కి పలచబడగానే కారిపోతుంది, పట్టు తప్పుతుంది. పది నిమిషాల పరీక్షలో అది బయటపడదు. గంటసేపు నడిపి ఎత్తు ఎక్కించి ఉంటే బయటపడేది.

మర్నాడే నేనూ మస్తానూ కుప్పం వెళ్లాం. లాగించి తెచ్చిన బండికి ఆమె ఇంటి ముందు జాకీ పెట్టి, ఆమె చూస్తుండగా ఎర్ర చుక్కలు పగలగొట్టి పాన్ దించాం. నూనె నల్లగా ఉంది, మాడు వాసన కొట్టింది. పాన్‌లోని అయస్కాంతం మీద ఇనుప రజను మందంగా, గట్టిగా పేరుకుని ఉంది. అది మూడు వారాల రజను కాదు, ఏళ్లనాటిది. ఆ పాన్‌ను ఎవరూ ఎన్నడూ దించలేదు. బయట కడిగి వెండి రంగు కొట్టారు, అంతే.

మునిలక్ష్మి వంగి చూసింది. కోపంగా మాట్లాడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మాయమ్మ నిమ్మకాయైనా టైరు కింద నలిగి లోపలేముండాదో సూపిచ్చె గదన్నా. దీన్ని మీరు విప్పి సూస్తిరా?"

"లేదమ్మా. మస్తాన్ చూద్దామన్నాడు. నేనే వద్దన్నాను" అన్నాను.

గోవిందప్పకు అక్కడినుంచే ఫోన్ చేశాను. అతను తప్పించుకోలేదు. విప్పితే గ్యారంటీ ఉండదని బెంగళూరు షెడ్డువాళ్లు అన్నారట, అతనూ విప్పలేదు. నేను గొంతు పెంచాను. అతను, "నువ్వూ విప్పలేదు గదప్పా" అన్నాడు. బెంగళూరు మాటను గోవిందప్ప నమ్మాడు. గోవిందప్ప మాటను నేను నమ్మాను. నా మాటను మునిలక్ష్మి నమ్మింది. ఇంతమంది చేతులు మారి వచ్చింది ఒక్కరూ చూడని విషయం. దీన్నే కదా సభల్లో మేం మూఢనమ్మకం అని తిట్టింది?

బండిని మదనపల్లెకు తెచ్చి ఆ గేరుబాక్సును పూర్తిగా విప్పాం. తెల్ల గుడ్డ మీద ప్రతి ప్లేటునూ పరిచి ఫోటో తీసి ఆమెకు పంపాను. ప్లేట్లు, సీళ్లు వెతికి తెప్పించడానికి, బిగించడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆమె ఆటోలో బడికి వెళ్లింది. ఏనుగులు రాగి చేలల్లో దిగిన రోజుల్లో ఆటోవాళ్లు ఆ దారిన రామన్నారు. అలా నాలుగు రోజులు బడి తాళం తీయలేదు. ఆ నాలుగు రోజులు నా ఖాతాలోవి. ఏ గ్యారంటీ కార్డూ వాటిని తిరిగి ఇవ్వదు.

ఈసారి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని గంటన్నర నడిపాను. బి.కొత్తకోట దారిలో ఎత్తులన్నీ, వేడి బండితోనే ఎక్కించాను. బయలుదేరేటప్పుడు పెద్దావిడ మళ్లీ నిమ్మకాయలు తీసింది. నిమ్మకాయ గేరుబాక్సును కాపాడదని ఇప్పటికీ అంటాను. ఆ రోజు మాత్రం ఆ మాట అనే హక్కు నాకు లేదు. నిలబడి చూశాను.

బండి ఇప్పటికీ నడుస్తోంది. నా షెడ్డులో సీలు ఉన్న సామాను ఏదీ విప్పకుండా బిగించం. విప్పేటప్పుడు బండి యజమాని పక్కన ఉండాల్సిందే. గోవిందప్ప కూడా ఇప్పుడు పాన్ దించి చూపించాకే అమ్ముతున్నాడు. సభల్లో మాత్రం ఇద్దరం కాస్త నెమ్మదిగా మాట్లాడుతున్నాం.

మీ పాత కారుకు రీబిల్ట్ గేరుబాక్సు కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు పాన్ దించమనండి. అయస్కాంతాన్ని మీ చేత్తో పట్టుకుని చూడండి. విప్పితే గ్యారంటీ పోతుందన్న చోట కొనకుండా లేచి వచ్చేయండి. బిగించాక వేడి బండిని ఎత్తు ఎక్కించి చూపమనండి. నా షెడ్డుకు వచ్చినా నా మాట నమ్మకండి. ఎదురుగా నిలబడి విప్పించండి.