కొలిమి ఉన్న చోటు

మాది కమ్మరి కుటుంబం. వంశం వివరాలు వెతుకుతుంటే, పాత భూమి రికార్డుల్లో ముత్తాత పేరున, ఊరికి కమ్మరి పని చేసినందుకు ఇచ్చిన మాన్యం పొలం కనిపించింది. ఆ రికార్డు నకలు పట్టుకుని నాన్నా నేనూ దర్శి దగ్గర పల్లెకు వెళ్లాం. ఇప్పుడక్కడ మిరప తోట ఉంది.

కాగితం చూడగానే తోటలో పని చేసుకుంటున్న రైతు పార పైకెత్తాడు. "ఇది మా తాత కొన్న పొలం. దావా వేద్దామని వచ్చారా?"

నాన్న చేతులు జోడించాడు. "పొలం కోసం రాలేదయ్యా. మా తాత కొలిమి ఎక్కడుండేదో చూసిపోదామని."

రైతు పార కిందికి దించాడు. తర్వాత అదే పారతో గట్టు పక్కన తవ్వి, కొలిమిలో ఇనుము కాల్చినప్పుడు మిగిలే నల్లటి చిట్టెం ముక్క తీశాడు. "దున్నినప్పుడల్లా ఇవే తగులుతుంటాయి. మీ తాతవేగా, తీసుకెళ్లండి."

మా ఇంట్లో ముత్తాత ఫొటో లేదు. నాన్న రోజూ ఆ ముక్కకే బొట్టు పెడుతున్నాడు.