మాస్టారికి చెప్పకుండా తగ్గించిన కీచు

మా కీబోర్డు మాస్టారు పోయారు. ఆ కబురు నిడదవోలు స్టేషన్లో అందింది. భీమవరంలో ఒక బ్యాండుకి వాయించి, కీబోర్డు పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని రాజమండ్రి బండి కోసం కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసింది మాస్టారి భార్య. "తెల్లారగట్ట నిద్దర్లోనే పోయారు బాబూ. నీ కోసం చూస్తున్నాం" అన్నారు. "వస్తున్నానండి" అన్నాను.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. గోదావరికి ఇటూ అటూ ఏ ఆర్కెస్ట్రాకి కీబోర్డు మనిషి కావాలన్నా ముందు ఫోన్ ఆయనకే వెళ్ళేది. ఏ బ్యాండుకీ కట్టుబడలేదు, ఎవరు పిలిస్తే వాళ్ళకి వాయించేవారు. వాళ్ళది బట్టల కొట్టు కుటుంబం. కొట్టు తమ్ముళ్ళకి వదిలేసినా చేతి అలవాటు పోలేదు. ప్రోగ్రాం అయ్యాక వైర్లని గుడ్డ కొలిచినట్టు మూరలు వేసి చుట్టేవారు. నేను ఆయన దగ్గర చేరేటప్పటికే నాకు ముప్ఫై దాటాయి. నాటకాలకి హార్మోనియం వాయించేవాణ్ణి. నాటకాలు తగ్గిపోయి, మా ఇంట్లో బియ్యం డబ్బా కంటే నేనే ఖాళీగా ఉండే రోజులవి.

ఆయన అసలు పనితనమంతా టోన్లు చెయ్యడంలో ఉండేది. కీబోర్డుతో పాటు వచ్చే వేణువూ వీణా ఆయనకి నచ్చేవి కావు. "ఇది వేణువేంటయ్యా, కుక్కర్ విజిల్" అనేవారు. పాట వినీ వినీ, అందులో వాయిద్యం ఎలా పలికిందో పట్టుకుని, మీటలు తిప్పుతూ ఆ ధ్వనిని తనే తయారుచేసి మెమరీలో దాచేవారు. ఒక్క వేణువుకే పదిహేను రోజులు కూర్చోవడం నేను చూశాను. "వాయించే మనిషి ఊపిరి తీసుకునే చోట నువ్వు వేలు తియ్యాలి. లేకపోతే టోన్ ఎంత బాగున్నా అబద్ధమే" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "జనం మనల్ని చూడరయ్యా, పాడేవాళ్ళని చూస్తారు. ఇంటికెళ్తూ కూనిరాగం తీశారా, మన పని అయినట్టే."

అరవై దాటాక ఆయన టోన్లు కీచుమనడం మొదలెట్టాయి. మొదట్లో స్పీకర్ల తప్పనుకున్నాను. ఆయన చెవులకి పై ధ్వనులు అందడం లేదని మెల్లగా అర్థమైంది. అందేదాకా పెంచుకుంటూ పోతున్నారు. మాకు చెవిలో సూది గుచ్చినట్టుండేది, ఆయనకి మాత్రం మెత్తటి వేణువు. "చూశావా, ఎంత హాయిగా వచ్చిందో!" అనేవారు. "బ్రహ్మాండంగా ఉందండి" అనేవాణ్ణి. ఆయన టీ తాగడానికి వెళ్ళగానే ఆ కీచు తగ్గించేసేవాణ్ణి. రెండేళ్ళు ఇదే పని. అప్పుడు దాన్ని దయ అనుకున్నాను. పిరికితనమని ఇప్పుడనిపిస్తోంది.

నేను పక్కన లేని చోట ఆ కీచు అలాగే జనంలోకి వెళ్ళిపోయింది. ఒక్కో బ్యాండూ ఆయన్ని మానేసి నన్ను పిలవడం మొదలుపెట్టింది. నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు అని సర్ది చెప్పుకుని వెళ్ళాను.

ఒకసారి వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఉండగా అడిగారు.

"నన్నెవరూ పిలవట్లేదేంటయ్యా?"

"సీజన్ డల్లుగా ఉందండి మాస్టారూ."

"మాఘమాసంలోనా?"

ఆయనే మళ్ళీ, "సర్లే, టీ చల్లారిపోతోంది, తాగు" అన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ రోజే నిజం చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, చెవికి మిషన్ పెట్టించుకుని ఇంకొన్నాళ్ళు వాయించేవారేమో. ఇప్పుడనుకుని ఏం లాభం? నాకు పని నేర్పిన మనిషిని నేనే అబద్ధం చెప్పి ఇంట్లో కూర్చోబెట్టాను.

ఆయన పోయిన రెండో ఆదివారం మండపేటలో ఒక షష్టిపూర్తికి వెళ్ళాను. పగటి పూట ఫంక్షన్. ఈమధ్య బ్యాండువాళ్ళు పాటల మ్యూజిక్ పెన్ డ్రైవ్‌లో పెట్టుకొచ్చి, "ఊరికే చేతులు ఆడించండి చాలు" అంటున్నారు. ఆ రోజూ సగం అదే చేశాను. విసుగొచ్చింది. ఒక్క పాటకి మాత్రం, మాస్టారు చివరగా చేసి ఇచ్చిన సన్నాయి టోన్ తీశాను. కీచు తగ్గించే మీట మీద వేలు పెట్టాను గానీ తిప్పలేకపోయాను. ఆయన ఎలా చేశారో అలాగే వాయించాను. పాడే అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. సౌండ్ అతను పరుగెత్తుకొచ్చి, "ఏంటండీ అది, చెవులు కోసేస్తోంది!" అన్నాడు.

"ఈ ఒక్క పాటకీ ఉండనీ బాబూ" అన్నాను.

ముందు వరసలో ఎనభై పైబడిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. పొద్దుట్నుంచీ ఎవరేం చెప్పినా చెవి వెనక చెయ్యి పెట్టి "ఆఁ?" అంటున్నారు. పాటలు మొదలయ్యాక ఒక్కసారి కూడా స్టేజీ వైపు చూడలేదు. ఆయన ఉన్నట్టుండి తల ఎత్తారు. నాకు వినపడేంత గట్టిగా పక్కనున్న కోడలితో, "సన్నాయి పెట్టించారా? ఎంత బాగా వినపడుతోందమ్మా!" అన్నారు. ఆవిడ వారిస్తున్నా కర్ర పట్టుకుని లేచి, స్టేజీకి అటు పక్కా ఇటు పక్కా తొంగి చూస్తూ, ఆ సన్నాయి వాయించే మనిషి కోసం వెతుకుతున్నారు.