ఏ కెమెరా కొనమంటారు, ఆంటీ?

కొత్త కెమెరా పెట్టె తెరవగానే రబ్బరూ ప్లాస్టిక్కూ కలిసిన ఒక వాసన వస్తుంది. నిన్న జురాంగ్ ఈస్ట్ మాల్లోని దుకాణంలో ఆ వాసన తగిలేసరికి, సుగుణ ఆంటీ నా పక్కనే నిలబడినట్టు అనిపించింది. కౌంటర్ మీద రెండు వీడియో కెమెరాలు. ఒకటి మసక వెలుతురులో కూడా ముఖాన్ని ఎంతో అందంగా చూపిస్తుంది, కానీ ఎక్కువసేపు తీస్తే వేడెక్కి ఆగిపోతుందట. రెండోదాని బొమ్మ అంతంతమాత్రం, గంటల తరబడి మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎంతసేపు చూసినా నాకు ఎటూ పాలుపోలేదు.

కొనేది ఆంటీ కోసమే. "అక్కా, మమ్మీ అన్నీ మర్చిపోతోంది. చెప్పగలుగుతున్నప్పుడే తన స్టోరీస్ రికార్డ్ చెయ్యి. వెయిట్ చెయ్యొద్దు లా," అని ఆవిడ కూతురు దివ్య, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి యాసలో, ఫోన్ చేసి చెప్పింది.

రాఫెల్స్ ప్లేస్‌లో మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. సెలవు రోజుల్లో ఆంటీ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ వీడియోలు తీసేవారు. లైటు పట్టుకోమని నన్ను తీసుకెళ్ళి, మెల్లగా కెమెరా చేతికిచ్చారు. "బొమ్మ కాస్త తగ్గినా ఫర్వాలేదమ్మాయ్, కెమెరా ఆగకూడదు. తాళి మళ్ళీ కట్టించలేం కదా!" అనేవారు. ఆ మాట నాకు వేదవాక్కు.

తర్వాత యీషున్‌లో, ఒకరి ఫ్లాట్‌లో ఓణీల ఫంక్షన్. అక్షింతలు వేస్తూ అమ్మాయి నాయనమ్మ ఉన్నట్టుండి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దగ్గరికెళ్ళి తీస్తుంటే ఆంటీ కెమెరా లాక్కుని ఆపేశారు.

"ఆగకూడదన్నారు కదా ఆంటీ?"

"దానంతటది ఆగకూడదన్నాను. మనం ఆపకూడదన్నానా?"

మరి ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందని అడిగితే, "నాకూ తెలీదు. పద, పులిహోర అయిపోద్ది," అన్నారు. ఒళ్ళు మండింది. ఆవిడంటే నాకున్న ప్రేమకీ, కోపానికీ మధ్య ఎప్పుడూ పెద్ద దూరం ఉండేది కాదు.

నిన్న తేల్చుకోలేక దుకాణంలోంచే ఆవిడకి ఫోన్ చేశాను. "ఆ, చెప్పమ్మా," అన్నారు. గొంతు మునుపటిలాగే గట్టిగా ఉంది. రెండు కెమెరాల సంగతీ చెప్పాను.

"ఎవరిది ఫంక్షన్?"

"ఫంక్షన్ కాదాంటీ. ఒక పెద్దావిడ తన కబుర్లు చెప్తారు." మీరేనని చెప్పడానికి నోరు రాలేదు.

"అయితే ఆగనిదే కొను. పెద్దవాళ్ళు చెప్పిందే చెప్తారు, మధ్యలో మర్చిపోతారు. నువ్వు మాట అందించకు. వాళ్ళనే వెతుక్కోనీ. ఆ వెతుక్కోవడం కూడా తియ్యి."

నేను దుకాణం కుర్రాడికి రెండో కెమెరా చూపించి తల ఊపాను.

"ఇంతకీ నువ్వెవరమ్మా?" అన్నారు ఆంటీ.

నా పేరు నోటిదాకా వచ్చింది. మాట అందించొద్దన్నది ఆవిడే. చెప్పాలో వద్దో తెలియక, ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.