నీళ్లు తగలని కోటు

మా అన్న యుద్ధానికి లారీ తోలడానికి పోతూ వదినకు ఒక కోటు అప్పజెప్పి పోయాడు. అంతకుముందు అతను మోటారు నడిపిన నవాబుల బంగళా, ఆ దేవిడీలో చిన్న నవాబుగారు బిగుతైందని ఇచ్చేసిన తోలు కోటు అది. తోలంటే మెరిసే తోలు కాదు. మీద సన్నటి నూగు ఉండేది. ఒకవైపు నిమిరితే లేత గోధుమరంగు, ఎదురు నిమిరితే ముదురు. దాన్ని స్వెడ్ అంటారని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. మాదన్నపేటలో, బర్రెల పాకకు ఆనుకుని ఉన్న మా ఇంట్లో మాత్రం దాన్ని మఖ్మల్ తోలు అనేవాళ్లం.

"దీనికి నీళ్లు తగలనియ్యకు. సాఫ్ చేసి పెట్టు, వచ్చినంక తొడుక్కుంట," అని వదినకు చెప్పాడు. పెళ్లాన్ని చూసుకొమ్మని మాకు ఒక్క మాట చెప్పలేదు గానీ కోటును చూసుకొమ్మని పెళ్లానికి చెప్పాడు. మా అన్న తీరే అంత. మొదట్లో బర్మా వైపు నుంచి ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి.

వదిన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. వారానికోసారి, పాల గిరాకీలు పోయి ఇల్లు సద్దుమణిగాక, కోటును నీడలో నులక మంచం మీద పరిచేది. గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో దుమ్ము దులిపేది. ఎండిన డబల్ రొట్టె ముక్కతో మురికి ఉన్నచోట మెల్లగా రుద్దేది. నూగు అణిగిపోయిన చోట మరిగే ఎసరు మీద ఆవిరి తగిలేలా అల్లంత ఎత్తున పట్టి, ఆరాక మళ్లీ బ్రష్షు వేసేది. కాలరు మీద అన్న తలనూనె మరక ఉండేది. దాని మీద పొడి ముల్తానీ మట్టి చల్లి మరునాడు దులిపేది. మరక పోయేది.

వారం తిరిగేసరికి మళ్లీ వచ్చేది.

మొదటిసారి నేను నవ్వాను. మట్టి సరిగ్గా వేయలేదేమో అన్నాను. రెండోసారి నేనే వేశాను. నాలుగు రోజులకు, పట్టపగలు, మేమిద్దరం చూస్తుండగానే అదే చోట నలుపు తేలింది, మెడ ఆనినంత మేర. వాసన చూస్తే చమేలీ నూనె. మా ఇంట్లో అందరిదీ నువ్వుల నూనె. చమేలీ షోకు అన్నకొక్కడికే ఉండేది.

"మెడ ఉన్నకాడనే నూనె ఉంటది," అంది వదిన. ఆ రోజు ఆమె మొహంలో కనబడిన సంతోషానికి నాకు భయమేసింది.

కోటును తలుపు పక్క కొయ్యకు తగిలించేవాళ్లం. దాని మోచేతులు వంగే ఉండేవి, ఎవరో స్టీరింగు పట్టుకుని కూర్చున్నట్టు. ఒకసారి దాన్ని పాకలో నుంచి తీసుకుపోతుంటే అన్న ఉన్నప్పుడు పాలు పిండిన నల్లబర్రె మెడ చాచి వాసన చూసి, పాలు పిండే వేళ కాకపోయినా చేపింది. పాలు ధారగా నేలమీద కారాయి. అమ్మ అది చూసింది. అప్పటినుంచి కోటును ముట్టుకోలేదు, దాని ముందునుంచి నడవాల్సి వస్తే కొంగు తలమీదికి లాక్కునేది.

"వాడు తిరుగుతున్నడు. మనం పంపితే గాని పోడు," అనేది నాతో.

పంపడమంటే పెత్రమాస. ఆ అమావాస్య నాడు మా ఇళ్లలో పోయినవాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు ఇస్తారు. అన్న పేరు మీద బియ్యం ఇచ్చామంటే మనిషి లేడని ఒప్పుకున్నట్టే. వదిన గాజులు, బొట్టు ఆ చేటెడు బియ్యం మీద ఉన్నాయి. ఏటా పెత్రమాసకు ముందు అమ్మ ఆ మాట ఎత్తేది. వదిన లోపలికి పోయి కోటు తెచ్చి, నల్లబడిన కాలరు చూపించేది. బాపు చూసి, "ఈ ఏడు వద్దు తీ," అని లేచిపోయేవాడు.

మూడో ఏడు మా నల్లబర్రె దూడ చచ్చింది. పాల వ్యాపారం ఆగకూడదు గదా, దాని తోలులో గడ్డి కూర్పించి తల్లి ముందు నిలబెట్టారు. బర్రె దాన్ని నాకుతూ పాలిచ్చింది. నాకి నాకి కొన్నాళ్లకు వెంట్రుకలన్నీ ఊడి వాసన పోయింది. ఇక ఎంత తడిమినా చేపలేదు. నాకెందుకో ఆ రోజుల్లో వదిన చేతిలో బ్రష్షు చూడబుద్ధయ్యేది కాదు.

ఆ వానాకాలం కాలరు మీద మరక రావడం ఆగిపోయింది.

ఇప్పుడైతే చెప్పగలను. తోలు తాగిన నూనె లోపలినుంచి మెల్లగా పైకి వస్తుంది. మట్టి లాగేకొద్దీ వస్తుంది, ఉన్నంతవరకే వస్తుంది. వదిన అంత శ్రద్ధగా తుడవకపోతే ఇంకా కొన్నేళ్లు వచ్చేదేమో. అప్పుడు మాకెవరికీ ఈ సంగతి తెలియదు. వదిన మట్టి చల్లేది, దులిపేది, నూనె అంటకుండా చల్లిన మట్టి చల్లినట్టే రాలేది. తినడం తగ్గించింది. అమ్మ ఆమె కంచం వైపు, ఆమె గాజుల వైపు చూస్తూ కూర్చునేది. ఆ ఏడు అమ్మ బియ్యం మాట ఎత్తనే లేదు. ఎత్తదేమిటా అని నేను ఆశ్చర్యపోయాను.

పెత్రమాస దగ్గర పడుతుండగా ఒక ఉదయం బాపు పాలగ్లాసు నోటిదాకా తెచ్చి దించేశాడు.

"పాలల్ల ఈ వాసనేంది?" అన్నాడు.

నేను వాసన చూశాను. చమేలీ. అదే సమయానికి వదిన కోటు తీసుకుని వరండాలోకి వచ్చింది. కాలరు నల్లగా ఉంది. ఈసారి నూనె భుజాలదాకా పాకి, వీపు మీద ధారలు కట్టింది. ఆ పూట పాలు పిండిన అమ్మ పొయ్యి దగ్గర తలవంచుకుని గిన్నె తోముతోంది. తోమిందే తోముతోంది.

వదిన కాలరు ముక్కుకు ఆనించి వాసన చూసింది.

"అత్తమ్మా, ఆయన గింత నూనె పెట్టడు," అంది.

అమ్మ తలెత్తలేదు. "మస్తు దినాలాయె గద బిడ్డా. ఇప్పుడు పెడుతున్నడేమో."

వదిన కోటును మంచం మీద పెట్టి, ముల్తానీ మట్టి డబ్బా తెచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ చేతులు తన ఒళ్లోకి తీసుకుని, మట్టి చల్లి, వేళ్ల సందుల్లో కూడా రుద్ది తుడిచింది. నాకు ఏడుపు ఆగలేదు. బాపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఈ పెత్రమాసకు బియ్యం ఇద్దాం అత్తమ్మా," అంది వదిన.

అమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"ఎవరి పేరు మీద? మనింట్ల ఎవరు పోయిన్రని?" అని అడిగింది.